పక్క బెడ్ మనిషి పోతే చెప్పాలా, దాచాలా? డయాలసిస్ అపోహలు - వాస్తవాలు

కావలిలో ఒక సెంటర్లో తొమ్మిదేళ్లుగా డయాలసిస్ (కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకు మిషన్ మీద రక్తం శుభ్రం చెయ్యడం) టెక్నీషియన్‌ని. ఎవరైనా పేషెంటు చనిపోయిన మర్నాడు, మిగతా పేషెంట్ల ఇంటివాళ్లు నన్ను వరండాలోకి పిలిచి చెప్పే మాట ఒకటే. "మా నాయనకి చెప్పొద్దు సార్, టెన్షన్ పడతాడు."

అపోహ: చెప్పకపోతే పేషెంటు నిబ్బరంగా ఉంటాడు.

వాస్తవం: ఉండడు. సోమ, బుధ, శుక్రవారాలు, పూటకు నాలుగు గంటలు, రెండు మూడేళ్లుగా అదే పక్కమనిషి. ఎవరు ఒంట్లో నీరు చేరి ఎన్ని కిలోలు పెరిగి వచ్చారో, ఎవరి ఫిస్టులా (సూది గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) మొరాయిస్తోందో ఒకరిది ఒకరికి తెలుసు. ఆ బెడ్ మీద కొత్త మొహం కనపడితే అడగరా? మేమేమో "నెల్లూరుకు మార్చుకున్నాడు" అంటాం. ఎన్నిసార్లు అన్నామంటే, నెల్లూరంటే ఏంటో ఇప్పుడు అందరికీ అర్థమైపోయింది.

వింజమూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఉదయగిరి నుంచి వచ్చే కుర్రాడొకడు బస్సులో ఆయనకు సీటు ఆపి ఉంచేవాడు. ఆ కుర్రాడు ఒక ఆదివారం పోయాడు. సోమవారం పెద్దాయనకు నేను నెల్లూరు కథే చెప్పాను. తిరుగు బస్సులో ఎవరో అసలు సంగతి చెప్పేశారు. బుధవారం రాలేదు, శుక్రవారం రాలేదు. ఆదివారం రాత్రి పడుకోలేక, ఊపిరాడక, ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే మిషన్ ఎక్కిస్తే గట్టెక్కాడు. కాస్త తేరుకున్నాక అన్నాడు: "ఆ పిల్లోడి కోసం ఏడ్చుకోనియ్యలేదు కదా అబ్బయా. రేపు నన్ను కూడా నెల్లూరుకే పంపిస్తావు."

అసలు నష్టం ఇదీ. ఏడిస్తే ఎవరూ పోరు. దిగులుతో, "ఎట్లాగూ మనమూ అంతే" అనుకుని రెండు పూటలు ఎగ్గొడితే నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం చడీచప్పుడు లేకుండా పెరిగి గుండెనే ఆపేస్తుంది. అందుకే ఇప్పుడు సూది గుచ్చకముందే, పక్కన కూర్చుని నేనే చెబుతున్నా. "మిషన్ మీదే పోయాడా?" అని అడుగుతారు. పోయినవాళ్ల ఇంటివాళ్లు సరేనంటే కారణం కూడా చెబుతాను. ఎక్కువసార్లు అది గుండె, లేదంటే ఇన్ఫెక్షన్. చూడటానికి వెళ్లాలంటే వెళ్లనివ్వండి. ఆ రోజే డయాలసిస్ ఉంటే మానొద్దు, మాకు ఫోన్ చేస్తే షిఫ్ట్ మారుస్తాం. పెద్దకర్మ భోజనంలో మాత్రం ఉప్పు, నీరు ఎక్కువ కాకుండా పచ్చళ్లు, మజ్జిగ దగ్గర చెయ్యి అదుపులో పెట్టుకోవాలి.

మిషన్‌కు చావు అంటుకుంటుందన్నది ఒట్టి పుకారు. రక్తం ట్యూబుల్లో, దాన్ని వడగట్టే డయలైజర్‌లోనే తిరుగుతుంది, మిషన్ లోపలికి పోదు. మనిషి మనిషికీ మధ్య మిషన్‌ని శుభ్రం చేస్తాం.

ఇక "అచ్చిరాని బెడ్" సంగతి. ఆ కుర్రాడి బెడ్ పెద్దాయనే అడిగి తీసుకున్నాడు. అక్కడ ఫ్యాన్ గాలి బాగా తగులుతుందట.