సూది బెజ్జంలో తిత్తి

కొలిమి అంటే ముందు గుర్తొచ్చేది తిత్తి. కమ్మరి దగ్గర బొగ్గు ఎంతున్నా, ఊదే చెయ్యి ఆగిందంటే కర్రు నల్లబడ్డట్టే. మూసల్లో ఉక్కు వండి పేరు తెచ్చుకున్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనైనా అసలు చాకిరీ తిత్తులదే. అందుకే, కొడవలో కత్తో సొంతంగా కొట్టుకుందామని సరదాపడే కుర్రాళ్లు గ్యాస్ కొలిమిని చూసి ముందడిగే మాట ఇది: ‘‘దీనికి తిత్తి లేదు, కరెంటు బ్లోయర్ లేదు. మరి గాలి ఎవరు ఊదుతున్నరు?’’

గ్యాసే ఊదుకుంటుంది. ఆ ఊదుడంతా 0.8 మిల్లీమీటర్ల బెజ్జంలో ఉంది.

జమ్మికుంట ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు ఆగని ఎక్స్‌ప్రెస్ పోతే ఏమవుతుంది? దుమ్ము, చిత్తుకాగితాలు, టీ కప్పులు దాని వెంట కొంతదూరం పరుగెత్తుతాయి. సన్నని గ్యాసు ధార కూడా చుట్టూ ఉన్న గాలిని అలాగే వెంట లాక్కుపోతుంది. క్లాసులో దీన్ని ‘‘వేగం పెరిగితే ఒత్తిడి తగ్గును’’ అని ఒక్క ముక్కలో ముగించేస్తారు. నిజానికి ధార అంచుల్లో లేచే సుడులు గాలిని ముద్దలు ముద్దలుగా లోపలికి కలుపుకుంటాయి. గ్యాసు తన ఊపును గాలితో పంచుకుంటుంది. ఊపు అంటే ద్రవ్యవేగం. దాని లెక్క ముచ్చటగా ఉంటుంది.

రెగ్యులేటర్ మీద చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఒత్తిడి పెట్టామనుకోండి. 0.8 మి.మీ. బెజ్జంలోంచి గంటకు సుమారు 0.9 కిలోలు, అంటే సెకనుకు పావు గ్రాము గ్యాసు వస్తుంది. వేగం సెకనుకు 220 మీటర్ల పైమాటే. ఆ వాయువులో ధ్వని పోయే వేగం దాదాపు అంతే. బెజ్జం దగ్గర అంతకు మించి పోలేదు. ఒక గ్రాము ఎల్పీజీ పూర్తిగా కాలాలంటే పదిహేనున్నర గ్రాముల గాలి కావాలి. అంటే పావు గ్రాము గ్యాసు 4 గ్రాముల గాలిని మొయ్యాలి. బరువు పదహారున్నర రెట్లయింది కాబట్టి వేగం అన్ని వంతులు తగ్గుతుంది. మిగిలేది సెకనుకు సుమారు 13 మీటర్లు. అంత మిశ్రమం, గాలీ గ్యాసూ కలిసే ముప్పావు ఇంచు పైపులో పట్టడానికి 10 మీటర్ల వేగం చాలు. మిగతా 3 మీటర్లు పైపు రాపిడికీ కొలిమి లోపలి ఎదురు ఒత్తిడికీ ఖర్చు.

ఇప్పుడు బెజ్జం 1.6కు పెంచండి. వైశాల్యం నాలుగింతలు. గ్యాసు అంతే కావాలంటే ఒత్తిడి బాగా తగ్గించాలి, ధార వేగం పడిపోతుంది, గాలి చాలదు, మూతి బయట పసుపు మంట నాలుక చాపుతుంది, ఇనుము మాత్రం ఎర్రబడదు. ఇంటి పొయ్యి రెగ్యులేటర్‌తో కొలిమి నడవనిదీ ఇందుకే. దాని ఒత్తిడి సుమారు 30 మిల్లీబార్, అంటే మన 1 కిలోలో దాదాపు ముప్పై మూడో వంతు, దాంతో ధార 50 మీటర్లు దాటడం కష్టం. పొయ్యికి మంట చుట్టూ ఉన్న గాలి కూడా అందుతుంది కాబట్టి సరిపోతుంది. కొలిమి పెట్టెలో మూసిన మంటకు ఆ వీలు లేదు.

బెజ్జానికి మిగ్ వెల్డింగ్ టిప్, అంటే వెల్డింగ్ వైరు బయటికొచ్చే చిన్న మూతి, వాడతారు. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. టిప్ మీద రాసే అంకె వైరుది, బెజ్జానిది కాదు. 0.8 వైరు టిప్‌లో బెజ్జం 1 మి.మీ.కు దగ్గరగా ఉంటుంది. మనకు కావాల్సింది 0.6 వైరు టిప్. పావు ఇంచు పైపు చివర మర కోసి దాన్ని బిగించి, ఇంచున్నర–ముప్పావు రెడ్యూసర్ (పెద్ద పైపును చిన్న పైపుకు కలిపే ముక్క) మూతికి అడ్డంగా నిలపాలి. ధార పైపు నడిమధ్యన పోవాలి. గ్యాసు బదులు నీళ్లు పంపి చూస్తే, వంకర ఉన్నదీ లేనిదీ కంటికే కనపడుతుంది. ముప్పావు పైపు పొడవు 160–180 మి.మీ. ఉండాలి, పొట్టిదైతే కలయిక కుదరదు. హార్డ్‌వేర్ షాపులో జీఐ పైపు, అంటే జింకు పూత వేసినది, చేతిలో పెడతారు. వేడి తగిలే చివరకు అది వద్దు. 907 డిగ్రీల దగ్గర జింకు మరుగుతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తుంది. జింకు పూత లేని నల్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపే అడగండి.

కొలిమి పెట్టెకు 250 మి.మీ. వ్యాసం, 300 పొడవున్న ఎంఎస్ పైపు ముక్క చాలు. గ్యాస్ సిలిండర్ కొయ్యకండి. అది కంపెనీ సొత్తు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. లోపల 25 మి.మీ. సిరామిక్ ఫైబర్ దుప్పటి (వేడిని బయటికి పోనివ్వని దూదిలాంటి పరుపు) రెండు వరుసలు పరిస్తే 5.3 లీటర్ల ఖాళీ మిగులుతుంది. టిప్, రెడ్యూసర్, పైపు కలిసిన మన బర్నర్ ఒక్కదానికి అది సరిగ్గా తూకం. దుప్పటి బదులు మామూలు ఫైర్ బ్రిక్ పెడితే? అంతే మందానికి దుప్పటి బరువు 1.2 కిలోలు, ఇటుక 19. ఆ 19 కిలోలు వేడెక్కేదాకా కొలిమి ఇనుముకు కాదు, ఇటుకకే వండిపెడుతుంది. దుప్పటి నూగు ఊపిరితిత్తులకు చెరుపు. మాస్కు పెట్టుకుని కొయ్యండి, పైన ఫైర్ సిమెంట్ 5–6 మి.మీ. పూసి నిదానంగా ఆరబెట్టండి. బర్నర్ కొస దుప్పటిలోకి ఓ ఇంచు వెనక్కి ఉండాలి, మంట గోడ వెంట తిరిగేలా ఓరగా దూరాలి. రెండో చివర ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచాలి, లేకపోతే ఎదురు ఒత్తిడితో ధార గాలిని లాగలేదు.

కొత్త కొలిమికి నిమ్మకాయ కట్టుకోండి, తప్పులేదు. కానీ నిమ్మకాయ లీకు పట్టదు. ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు పూసి చూడాల్సిందే. ఎల్పీజీ గాలికంటే బరువు, గచ్చు మీద పాకి మూలన కూర్చుంటుంది. పని ఆరుబయటో, రెండు వైపులా తెరిచిన రేకుల షెడ్డులోనో పెట్టుకోవాలి. ముందు మండే కాగితం లోపల పెట్టి, ఆ తర్వాతే వాల్వు తిప్పాలి. ఈ వరస తిరగేస్తే ఢామ్మంటుంది. ఒత్తిడి మరీ తగ్గిస్తే పైపులో మిశ్రమం కంటే మంట పాకే వేగం ఎక్కువై, మంట వెనక్కి పైపులోకి దూరి గుర్రుమంటుంది. వెంటనే వాల్వు కట్టెయ్యాలి.

సిలిండర్ 19 కిలోల కమర్షియల్‌దే వాడాలి. ఇంటి 14.2 కిలోల దాన్ని ఇలా వాడటం చట్టవిరుద్ధం. గంటకు 0.9 కిలోలు ఆవిరి కావాలంటే దాదాపు 100 వాట్ల వేడిని సిలిండర్ చుట్టుపక్కల నుంచి పీల్చుకోవాలి. డిసెంబరు పొద్దున హన్మకొండ చలిలో అది చెమర్చి, ఒత్తిడి జారుతుంది. చల్లనిది కాని నీళ్ల టబ్బులో నిలువుగా నిలబెట్టండి, మంట మాత్రం చూపించకండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గర. కాబట్టి ముందు ప్రొపేన్ వాటా ఎక్కువగా పోతుంది. ఆఖరి రెండు మూడు కిలోల్లో మిగిలేది చాలావరకు బ్యూటేన్. చలిలో అది 1 కిలో ఒత్తిడి ఇవ్వదు. కొలిమికి పనికిరాకున్నా టీ కొట్టు పొయ్యి మీద భేషుగ్గా మండుతుంది.