ట్యాబ్‌కు పెన్‌డ్రైవ్ తోడు: ఎంతవరకు, ఎలా

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో ట్యాబ్ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. బడిలో ఒడియా చదువుకునే పిల్లలకు ఇంటి దగ్గర తెలుగు వాచకం చూపించడానికి, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో జరిగిన చుట్టాల పెళ్లి వీడియోను పెద్దవాళ్లు తీరిగ్గా చూసుకోవడానికి, భూమి పత్రాల ఫోటోలను ఒకచోట దాచుకోవడానికి అదే ఆధారం. చవక ట్యాబులు సాధారణంగా 32 లేదా 64 జీబీ స్టోరేజ్‌తో వస్తాయి. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, కంపెనీ ముందే వేసిన యాప్‌లు పెద్ద వాటానే తీసుకుంటాయి కనుక, కొన్న కొంతకాలానికే స్టోరేజ్ నిండిపోయిందన్న హెచ్చరిక తెర మీద కనబడుతుంది.

దీనికి నగరాల్లో చెప్పే మందు క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీల కంప్యూటర్లలో దాచుకోవడం. సిగ్నల్ కోసం మేడ మీదికో, ఊరి బయటికో వెళ్లాల్సిన కొండ ఊళ్లకు ఆ సలహా ఎంతవరకు పనికొస్తుందో లెక్క వేసి చూడవచ్చు. సెకనుకు 2 మెగాబిట్ల వేగం ఎక్కడా తెగకుండా అందినా, 64 జీబీ సమాచారం పంపడానికి 71 గంటలు, అంటే దాదాపు మూడు పగళ్లు, మూడు రాత్రులు పడుతుంది. అదే సమాచారాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలెక్కుతున్న చుట్టం చేతికిస్తే పూట తిరిగేలోగా చేరిపోతుంది. అందుకే ఈ ప్రాంతంలో పెన్‌డ్రైవ్‌ను కాలం చెల్లిన వస్తువని నేను అనుకోను. దాని చేత ఏ పని చేయించుకోవచ్చో, దేనికి దాన్ని నమ్మకూడదో తెలిసి వాడుకోవాలన్నదే నా అభిప్రాయం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పెన్‌డ్రైవ్ పెట్టినంత మాత్రాన ట్యాబ్ సొంత స్టోరేజ్ పెరగదు. వీడియోలు, ఫోటోలు, పాటలు, పీడీఎఫ్ పుస్తకాలు అందులోకి తరలించి, అక్కడి నుంచే తెరిచి చూసుకోవచ్చు. ఆ మేరకు లోపల చోటు ఖాళీ అవుతుంది. యాప్‌లు మాత్రం ట్యాబ్ లోపలే ఉండాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0లో బయటి మెమరీని లోపలి మెమరీలో భాగంగా కలుపుకునే సదుపాయం ప్రవేశపెట్టారు గానీ, చాలా కంపెనీలు దాన్ని తమ ట్యాబుల్లో మూసివేశాయి. అది తెరిచి ఉన్న ట్యాబుల్లో కూడా, వేలు తగిలితే ఊడిపోయే పెన్‌డ్రైవ్‌ను అలా కలుపుకోవడం తెలివైన పని కాదు. కలుపుకున్న క్షణంలో అందులోని పాత సమాచారమంతా చెరిగిపోతుంది. కొత్తగా రాసేదంతా రహస్య సంకేతంలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి ఆ ట్యాబ్‌లో మాత్రమే ఉంటుంది. రేపు ట్యాబ్ పాడైతే పెన్‌డ్రైవ్ చెక్కుచెదరకుండా ఉన్నా అందులోనిది మరే పరికరమూ చదవలేదు.

యూట్యూబ్ వంటి యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాలదీ ఇలాంటి పరిస్థితే. అవి ఆ యాప్‌కు మాత్రమే అర్థమయ్యే రూపంలో దాని సొంత అరలో ఉంటాయి కాబట్టి వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తరలించి చూడటం కుదరదు. తరలించగలిగేవి విడి ఫైళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అందరికీ అందుబాటులో ఉంచిన తెలుగు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఈ కోవలోకే వస్తాయి. సరిహద్దుకు ఇవతల తెలుగు చదవాలనుకునే పిల్లవాడికి ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా వాచకాలన్నీ ఇవ్వగలగడం చిన్న విషయమేమీ కాదు.

ఇక కలపడం. ట్యాబ్‌ను కంప్యూటర్‌కు తగిలించినప్పుడు అది కంప్యూటర్ ఆజ్ఞలకు లోబడి నడుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ తగిలించినప్పుడు ఆ పెత్తనం తానే తీసుకోవాలి. ఈ మార్పు కోసం 2001లో యూఎస్‌బీ ప్రమాణానికి అనుబంధంగా వచ్చిన ఏర్పాటే మనం ఓటీజీ అని పిలుచుకునేది. పాత మైక్రో యూఎస్‌బీ ఓటీజీ కేబుల్‌లో ఐదు పిన్నుల్లో ఒకదాన్ని భూమి తీగకు కలిపి ఉంచుతారు; ట్యాబ్ దాన్ని గమనించి, కరెంటు ఇవ్వాల్సింది, ఆజ్ఞలు జారీ చేయాల్సింది తానేనని గ్రహిస్తుంది. టైప్ సీ పెన్‌డ్రైవ్ ప్లగ్గులో ఇదే పనిని 5.1 కిలో ఓముల చిన్న నిరోధకం చేస్తుంది. మామూలు చార్జింగ్ కేబుల్ చివర ఏదో అతుకు వేసి పెన్‌డ్రైవ్ తగిలిస్తే పని చేయకపోవడానికి కారణం ఈ గుర్తు దానిలో లేకపోవడమే.

కరెంటు కూడా ట్యాబే ఇవ్వాలి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం అది 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్ల వరకు, అంటే రెండున్నర వాట్లు. పెన్‌డ్రైవ్‌కు ఇది సరిపోతుంది. లోపల పళ్లెం తిరిగే హార్డ్‌డిస్కుకు మాత్రం తిరగడం మొదలుపెట్టే సమయంలో ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి కనుక, చవక ట్యాబ్‌కు దాన్ని తగిలిస్తే కొన్నిసార్లు టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. చాలా ట్యాబుల్లో చార్జింగ్‌కూ, పెన్‌డ్రైవ్‌కూ ఉన్నది ఒకటే పోర్టు. కరెంటు కోతలున్న ఊళ్లో పెద్ద ఫైళ్లు తరలించేముందు బ్యాటరీ బాగా ఎక్కి ఉందో లేదో చూసుకోవడం అవసరం.

పెన్‌డ్రైవ్ కనబడింది, ఖాళీ ఉంది, అయినా పెళ్లి వీడియో ఎక్కడం లేదు. ఈ ఫిర్యాదు తరచుగా వినబడుతుంది. కారణం ఫార్మాట్, అంటే పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చి రాసుకునే పద్ధతి. 1996 నాటి ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కో ఫైలు పరిమాణాన్ని 32 బిట్ల సంఖ్యగా రాసుకుంటారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. కాబట్టి 4 జీబీ దాటిన ఏ ఒక్క ఫైలూ, 100 జీబీ ఖాళీ ఉన్నా సరే, అందులో పట్టదు. మూడు గంటల పెళ్లి వీడియో ఈ హద్దును సులువుగా దాటుతుంది. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ చిక్కు లేదు. అయితే దాని వివరాలను ఆ కంపెనీ 2019 దాకా అందరికీ తెరిచి ఇవ్వలేదు. ఆండ్రాయిడ్‌కు పునాదిగా ఉన్న లినక్స్‌లో దానికి పూర్తి స్థాయి మద్దతు 2020లో స్థిరపడింది. అంతకుముందు వచ్చిన చవక ట్యాబులు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌ను చూడగానే పాడైందని చెప్పి ఫార్మాట్ చేయమంటాయి. అక్కడ తొందరపడి ఒప్పుకుంటే ఉన్నది పోతుంది. ఐప్యాడ్‌లు 2019 నాటి ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి బయటి డ్రైవులను ఫైల్స్ యాప్‌లో చూపిస్తున్నాయి, ఈ రెండు పద్ధతులనూ చదువుతాయి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునే వారికి మరొక చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. పెన్‌డ్రైవ్ ఫార్మాట్లలో పేరుకు 255 యూనికోడ్ సంకేతాల (అక్షరాలకు, గుర్తులకు కంప్యూటర్ ఇచ్చుకునే సంఖ్యల) వరకు చోటుంటుంది. ట్యాబ్ లోపలి ఫైల్ సిస్టమ్‌లో మాత్రం ఆ 255 హద్దు బైట్లలో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటుతో సరిపెట్టుకుంటుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. పైగా వత్తులు, గుణింతాలు విడివిడి సంకేతాలు. లక్ష్మి అన్న పేరు కంటికి రెండక్షరాలే అయినా లోపల ల, క, హలంతం, ష, హలంతం, మ, గుడి అని ఏడు సంకేతాలు, 21 బైట్లు. అంటే ట్యాబ్‌లో 85 సంకేతాలు దాటిన తెలుగు పేరు నిలవదు. వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ కలిపి స్టూడియోవారు పెట్టిన పొడవాటి పేరున్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో నిక్షేపంగా ఉండి, ట్యాబ్‌లోకి కాపీ చేయబోతే మొరాయించడం ఇందువల్లనే. తెలుగు పేరు మానుకోనవసరం లేదు, కాస్త కుదిస్తే చాలు.

ఇంతకూ ఆ చిన్న చిప్పులో సమాచారం ఎలా నిలుస్తుంది? 1967లో బెల్ లేబొరేటరీస్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రవేత్తలు ట్రాన్సిస్టర్‌లో చుట్టూ విద్యుత్ బంధకం కప్పిన ఒక లోహపు పొరను ఉంచి, అందులో ఎలక్ట్రాన్లను బంధించవచ్చని చూపారు. జపాన్‌లోని తోషిబా కంపెనీలో ఫుజియో మసుఓకా ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లి 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో ఇప్పటి పెన్‌డ్రైవ్‌లకు మూలమైన నాండ్ రకాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. పెన్‌డ్రైవ్ దుకాణాలకు వచ్చింది 2000లో. తొలి రకాల్లో పట్టింది 8 మెగాబైట్లు, ఇప్పటి ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫోటోలంత.

ఈ మెమరీలోని ప్రతి గడిలోనూ కొన్ని నానోమీటర్ల మందం గల బంధకపు పొర ఉంటుంది. మామూలుగా దాన్ని దాటలేని ఎలక్ట్రాన్లు దాదాపు 20 వోల్టుల పీడనం ఇచ్చినప్పుడు క్వాంటం సొరంగ ప్రభావం వల్ల అవతలికి చేరి అక్కడే చిక్కుకుంటాయి. ఆ వోల్టేజీని 5 వోల్టుల సరఫరా నుంచి చిప్పు తానే తయారుచేసుకుంటుంది. కరెంటు తీసేసినా ఎలక్ట్రాన్లు కదలవు కనుక సమాచారం నిలుస్తుంది. అయితే రాయడం పేజీలనే చిన్న భాగాల లెక్కన జరిగితే, చెరపడం వందల పేజీలున్న బ్లాకు లెక్కన జరుగుతుంది. ఒక్క అక్షరం దిద్దడానికి పలక మొత్తం తుడిచి మళ్లీ రాయాల్సి వచ్చినట్టు. ఆ తుడుపు జరిగిన ప్రతిసారీ బంధకపు పొర కొద్దిగా అరుగుతుంది. గడికి ఒక్క బిట్ చొప్పున దాచే రకం లక్ష తుడుపుల వరకు తట్టుకుంటే, మూడు బిట్ల కోసం ఎనిమిది స్థాయిల విద్యుదావేశాన్ని తేడా తెలిసేలా నిలపాల్సిన రకం వెయ్యి నుంచి మూడు వేల దాకా మాత్రమే ఓర్చుకుంటుంది. చవక పెన్‌డ్రైవ్‌లలో ఉండేది సాధారణంగా ఈ రెండో రకమో, దానికంటే నాసిరకమో. వీడియోలు ఒకసారి రాసి పదిసార్లు చూసుకునే వాడకానికి ఇది చాలు. ఎందుకంటే చదవడం వల్ల కలిగే అరుగుదల ఏ మాత్రమూ లెక్కలోకి రాదు.

వేగం సంగతీ ఇక్కడే తేలుతుంది. టైప్ సీ పోర్టు కనబడగానే వేగం ఎక్కువని అనుకోకూడదు. చవక ట్యాబుల్లో చాలావాటికి లోపల ఉన్నది యూఎస్‌బీ 2.0, ఆచరణలో సెకనుకు 35, 40 మెగాబైట్లకు మించదు. పెన్‌డ్రైవ్ రాసే వేగం అంతకంటే తక్కువ. సెకనుకు 10 మెగాబైట్లు రాస్తే 10 జీబీకి పావుగంట పైనే పడుతుంది.

అంత సేపు ఓపిక పట్టి, గీత నిండగానే లాగేయడం వల్ల చాలా నష్టాలు జరుగుతున్నాయి. కాపీ పూర్తయిందని తెర చెప్పిన తర్వాత కూడా చివరి భాగం, అంతకంటే ముఖ్యంగా ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక, కొంతసేపు ట్యాబ్ తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లోనే ఉండవచ్చు. పట్టిక సగం రాసి ఉండగా లాగితే ఒక్క ఫైలు కాదు, అన్నీ కనబడకుండా పోవచ్చు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో ఎజెక్ట్ నొక్కి, వచ్చిన సందేశం చూసి తీయాలి. ఐప్యాడ్‌లో ఆ మీట కనబడకపోతే కాపీ అయ్యాక కాసేపు ఆగడమే మార్గం. అప్పటికే పొరపాటు జరిగి, ఫార్మాట్ చేయమని ట్యాబ్ అడిగితే, వద్దని చెప్పి కంప్యూటర్‌లో పరీక్షించండి. పట్టిక మాత్రమే చెడి ఉంటే ఫైళ్లు చాలావరకు దక్కుతాయి.

సంతల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ మూడు నాలుగు వందలకు 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌ల గురించి మరీ గట్టిగా చెప్పాలి. అంత మెమరీ ఆ ధరకు రాదు. లోపల 16 లేదా 32 జీబీ చిప్పు పెట్టి, అబద్ధపు పరిమాణం చెప్పేలా కంట్రోలర్‌ను, అంటే మెమరీని నడిపించే చిప్పును, మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండాక రాసింది గాలిలో కలిసిపోతుంది, లేదా మొదట రాసినదాని మీదే పడుతుంది. పట్టిక మొదట్లో భద్రంగా ఉండటం వల్ల ఫైళ్ల పేర్లన్నీ కనబడుతూనే ఉంటాయి, తెరిస్తే తెరుచుకోవు. కంప్యూటర్ ఉన్నవారు ఎఫ్3 లేదా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనంతో నిజం తేల్చుకోవచ్చు. లేనివారు కొనగానే దాన్ని నిండా వీడియోలతో నింపి, ఎజెక్ట్ చేసి, మళ్లీ తగిలించి, మొదట వేసినవీ చివర వేసినవీ ఆడించి చూడాలి. ఈ పరీక్ష అయ్యేదాకా అందులో అసలైనవేవీ ఉంచకూడదు.

అసలు డ్రైవులోనైనా బంధించిన ఎలక్ట్రాన్లు శాశ్వతంగా ఉండవు. అవి నెమ్మదిగా కారిపోతుంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ కారడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కంప్యూటర్లలో వాడే ఎస్ఎస్‌డీలకైతే (ఇలాంటి ఫ్లాష్ మెమరీతోనే చేసిన డ్రైవులు), పూర్తిగా అరిగిన తర్వాత కూడా 30 డిగ్రీల వద్ద కరెంటు లేకుండా ఏడాది నిలవాలని పరిశ్రమ ప్రమాణం ఉంది. చవక పెన్‌డ్రైవ్‌కు అటువంటి హామీ ఏదీ డబ్బా మీద కనిపించదు. వైశాఖ మాసపు ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద, రేకుల ఇంటి గూట్లో దాన్ని ఉంచకండి. తాతగారి గొంతు, పొలం కాగితాలు, పెళ్లి ఫోటోలు వంటివి ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉంచి ట్యాబ్ నుంచి చెరిపేయడం నా దృష్టిలో చేయకూడని పని. వేరే కంపెనీది, వేరే సంవత్సరంలో కొన్నది రెండోది ఉండాలి. వీలైతే అది పాతపట్నంలోనో బరంపురంలోనో ఉన్న చుట్టాలింట్లో ఉండాలి. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందే, ఒకదానిలోనివన్నీ ట్యాబ్‌లోకో కంప్యూటర్‌లోకో కాపీ చేసి, తెరిచి చూసుకుని, తిరిగి కొత్తగా రాస్తే గడుల్లో ఆవేశం మళ్లీ పూర్తి స్థాయికి వస్తుంది. ఒక చిన్న కాగితం అంటించి, దాని మీద చివరిసారి రాసిన నెల, సంవత్సరం వేసుకుంటే తర్వాతి వేసవికి వెతుక్కోనవసరం ఉండదు.