తుపాకి గొట్టంలో పొటాష్

చీనీ తోటలకు వేసే పొటాష్ బస్తాను ముసురు పట్టిన రోజుల్లో మూతి విప్పి వదిలేస్తే గడ్డలు కడుతుంది. ఆ బస్తాను ఆనించిన ఇనుప తలుపు అడుగున తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అనంతపురం రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పాతకాలపు సైనిక తూటా పేల్చాక తుపాకి గొట్టంలో మిగిలేది కూడా అచ్చంగా ఈ ఉప్పేనని మాత్రం చాలామందికి తెలియదు. దాని పేరు పొటాషియం క్లోరైడ్.

అది అక్కడికెలా వచ్చింది? తూటాలోని మందు తనంతట తాను అంటుకోదు. తూటా అడుగున, మధ్యలో, చిన్న లోహపు గిన్నె ఒకటి బిగించి ఉంటుంది. అదే ప్రైమర్. ఫైరింగ్ పిన్ దాన్ని కొట్టగానే లోపలి మిశ్రమం భగ్గుమంటుంది, ఆ మంట మందుకు అంటుకుంటుంది. పాత ప్రైమర్లలో ఆ మంటకు ఆక్సిజన్ అందించింది పొటాషియం క్లోరేట్. అగ్గిపుల్ల తలకాయలో ఉండేదీ అదే. ఆక్సిజన్ పోయాక క్లోరేట్ కాస్తా క్లోరైడ్ అవుతుంది. ఆ వేడికి ఆవిరై, వాయువులతో పాటు గొట్టం పొడవునా సాగి, ఉక్కు మీద కంటికి ఆనని పొరగా దిగుతుంది.

నల్లమందు (బ్లాక్ పౌడర్ అనే పాత రకం తుపాకి మందు) రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. నల్లమందు కాలితే గొట్టం నిండా మసే కాబట్టి, ఎలాగూ నీళ్లు పోసి కడిగేవాళ్లు. మసితో పాటు ఉప్పూ పోయేది. 1886లో ఫ్రాన్స్ పొగలేని మందును సైన్యంలోకి తెచ్చింది, మిగతా దేశాలు అదే దారి పట్టాయి. గొట్టం శుభ్రంగా కనిపించేసరికి నీళ్ల పని తగ్గి, నూనె గుడ్డ మిగిలింది. అక్కణ్నుంచి మొదలైంది గొడవ. సాయంత్రం తుడిచి నూనె రాసిన గొట్టం కొన్నాళ్లకు తుప్పుపట్టి కనిపించేది. కొత్త మందులోని ఆమ్లమే దీనికి కారణమని ఏళ్ల తరబడి అనుకున్నారు. అసలు దొంగ ప్రైమర్ వదిలే ఉప్పేనని అమెరికా గనుల బ్యూరోలో విల్బర్ట్ హఫ్ 1922లో ప్రచురించిన పరిశోధనలో తేల్చాడు. గాలిలో తేమ పెరిగితే నూనె పొర కింద కూడా తుప్పు పుడుతుందని చూపించాడు. ఉప్పు నూనెలో కరగదు మరి. నూనె రాయడమంటే ఉప్పును లోపలే ఉంచి పైన దుప్పటి కప్పడం.

మన సీమకు సంబంధించిన మెలిక ఇక్కడే ఉంది. పొటాషియం క్లోరైడ్‌కు ఒక గీత ఉంది. పాతిక డిగ్రీల వేడి దగ్గర గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే, అది గాలిలోని నీటిని లాక్కుని తానే కరిగిపోతుంది. వేరే లవణాలు కలిసి ఉంటే ఆ గీత ఇంకా కిందికి జారుతుంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఏప్రిల్ ఎండల్లో కడగని గొట్టం కూడా వారాల తరబడి మెరుస్తూనే ఉంటుంది. "మా ఊళ్లో తుప్పు రాదప్పా" అనే ధీమా అక్కడే పుడుతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. సెప్టెంబరులో రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తేమ ఆ గీత దాటడం కర్నూలులోనైనా కడపలోనైనా మామూలే. ఒక్కసారి తడి తగిలితే క్లోరైడ్ ఉక్కు మీది రక్షణ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. పైగా ఆ పనిలో తాను ఖర్చైపోదు, చేసిన చోటే మళ్లీ మళ్లీ చేస్తుంది. అందుకే ఈ తుప్పు పైపైన పరుచుకోకుండా సన్నటి గుంటలు తవ్వుతుంది. గుంటపడిన గొట్టాన్ని ఎంత రుద్దినా పాత నునుపు రాదు.

ఏ తూటా ఇలాంటిదో కంటితో పోల్చడం కష్టం. అడుగున గుద్దిన అక్షరాలు, అంకెలు కొంత చెబుతాయి. మన త్రీనాట్‌త్రీ తూటాల మీద కనిపించే కే, ఎఫ్ అక్షరాలు పుణె దగ్గరి కిర్కీ కర్మాగారానివి, పక్కన ఉండేది తయారైన సంవత్సరం. జెడ్ అనే అక్షరం మందు రకం గురించే తప్ప ప్రైమర్ గురించి ఏమీ చెప్పదు. క్లోరేట్ లేని ప్రైమర్లు జర్మనీలో 1920ల నాటికే వచ్చాయి. సైన్యాలు మాత్రం తొందరపడలేదు. ఏళ్ల తరబడి గోదాములో ఉన్నా క్లోరేట్ ప్రైమర్ మొరాయించదని వాటి నమ్మకం. సోవియట్ కూటమి దేశాలు దాన్ని ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల దాకా వాడాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కార్బైన్ (పొట్టి రైఫిల్) తూటాలు మాత్రం మొదటి నుంచీ క్లోరేట్ లేనివే. అయస్కాంతం అంటుకుంటే ఇలాంటి తూటానే అని కొందరంటారు గానీ, అది చెప్పేది ఉక్కు ఉందా లేదా అనేది ఒక్కటే. అనుమానముంటే ఉప్పు ఉందనే అనుకోవడం మేలు. అమెరికాలో సైన్యాల దగ్గర మిగిలిన ఇలాంటి తూటాలను పెట్టెల లెక్కన కొంటారు. మన దగ్గర ఆ వీలు లేదు, లైసెన్సున్నవాళ్లు కూడా లైసెన్సున్న దుకాణంలోనే కొనాలి. అటక మీద తాతల నాటి తూటాలు బయటపడితే విప్పి చూడొద్దు, పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.

ఈ ఉప్పు కడగడానికి కావాల్సింది నీళ్లే. బ్రిటిష్ సైన్యం గొట్టానికి గరాటు పెట్టి మరిగే నీళ్లు పోయించేది. దాని వెనక లెక్క ఉంది. వంద మిల్లీలీటర్ల నీళ్లలో ఈ ఉప్పు 20 డిగ్రీల దగ్గర 34 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో 56 గ్రాములు కరుగుతుంది. గొట్టంలో ఉండే రవ్వంత ఉప్పుకు చన్నీళ్లు కూడా చాలు నిజానికి. వేడి నీళ్లతో అసలు లాభం వేరు: ఉక్కు కాగి, మిగిలిన తడి దానంతటదే ఆరిపోతుంది. ఆ తర్వాత గొట్టంలోంచి లాగే పుల్‌త్రూ తాడుకు చిందీ (గుడ్డ ముక్క) కట్టి, గుడ్డ మీద మరక రాకుండా పోయేదాకా లాగాలి. ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాళ్లకు ఇది చేతికి అలవాటైన పనే. నూనె చివరన. పేలుడు వాయువుతో నడిచే ఎస్ఎల్ఆర్, ఏకే లాంటి రైఫిళ్లలో పిస్టన్, గ్యాస్ గొట్టం కూడా కడగాలి, ఉప్పు అక్కడికీ చేరుతుంది. గొట్టానికి క్రోమ్ పూత ఉందని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం ఉప్పును విరిచేస్తుందని ఓ నమ్మకం ఉంది. విరచడానికి అక్కడ ఆమ్లమే లేదు, ఇది తటస్థ లవణం. ఆ సీసాలో పని చేసేది నీళ్లే.

ఏ నీళ్లు అన్నది మన జిల్లాల్లో తప్పక అడగాల్సిన ప్రశ్న. చాలా ఊళ్ల బోరు నీళ్లలో క్లోరైడ్ ముందే దండిగా ఉంటుంది. మరిగిస్తే అది పోదు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. ఒక ఉప్పు కడిగి ఇంకో ఉప్పు పూసినట్టు కాకుండా ఆర్ఓ నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడితే మంచిది. తేడా చూడాలంటే హైస్కూలు ల్యాబులో సిల్వర్ నైట్రేట్ చుక్క చాలు. గొట్టం కడిగిన డిస్టిల్డ్ నీళ్లలో అది పడగానే తెల్లటి అవక్షేపం వస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేస్తే ఏ తుపాకీ కడగకుండానే తెల్లబడుతుంది.

నల్లమందు కూరే పాత తుపాకులది ఇంకాస్త తొందర వ్యవహారం. వాటి మసిలో ఉండే పొటాషియం కార్బొనేట్ 43 శాతం తేమకే నీరు లాగుతుంది. కాల్చిన పూటే కడగాలి, మర్నాడు నూనె లేని చిందీ ఒకసారి లాగి చూడాలి. గుడ్డ మీద ఎర్రటి జీర కనిపిస్తే మళ్లీ నీళ్ల నుంచే మొదలు.