పెళ్లి ఆర్చి, పెరటి పందిరి: వడ్రంగి చెప్పే అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు వైపు పెళ్లిళ్లలో ఈమధ్య ఒక కోరిక బాగా వినిపిస్తోంది. అద్దెకు తెచ్చే ఇనుప ఆర్చి వద్దు, కర్రతో మనదే ఒకటి చేయించుకుందాం, పెళ్లయ్యాక పెరట్లో నిలబెట్టి సన్నజాజి పాకిద్దాం అంటున్నారు. ఆలోచన మంచిదే. అయితే చేయించేవాళ్లు, కొన్నిసార్లు చేసేవాళ్లు కూడా, దాన్ని పెళ్లి సామానుగానే లెక్కవేస్తారు. పెళ్లి ఒక పూటతో అయిపోతుంది. ఎండ, వాన, చెద, తీగ బరువు మాత్రం ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే తోట కోసం కట్టి పెళ్లికి వాడుకోమంటాను. ఈ వరుస తిరగబడినప్పుడు పుట్టే అపోహలే ఇవన్నీ.

అపోహ: టేకైతే చాలు. లేదంటే వేప, దానికి చెద పట్టదు.

చెదను ఆపేది చెట్టు పేరు కాదు, చేవ, అంటే మాను నడుమ ముదిరిన గట్టి భాగం. ఎంత మంచి టేకైనా బెరడును ఆనుకుని ఉండే తెల్ల చెక్కను చెద తినేస్తుంది. తోటల్లో పెంచి తొందరపడి కొట్టిన టేకులో ఆ తెల్ల భాగమే ఎక్కువ. వేపదీ అదే కథ; ఆకులో ఉన్న చేదంతా కర్రలో ఉంటుందనుకోవద్దు. కొనేటప్పుడు పక్కలు చూడటం మాని, కోసిన చివర చూడండి. నడుమ ముదురు రంగు, అంచున లేత పట్టీ కనిపిస్తాయి. ఆ లేత పట్టీని చెక్కించేయాలి, లేదా ఆ ముక్కను నేలకు దూరంగా పైభాగంలో వాడాలి.

మన తీరమంతా దొరికే సర్వి పందిళ్లకూ సెంట్రింగుకూ బ్రహ్మాండం. కానీ మట్టిలో పాతితే ఎక్కువ కాలం ఆగదు, ఎండకు నిలువునా బీటలు తీస్తుంది. ప్రకాశం జిల్లాలో విరివిగా పండించే జామాయిల్‌ను పచ్చిగా కోసి బిగిస్తే, ఆరే కొద్దీ మెలి తిరుగుతుంది. నా మటుకు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు కలప అడితికి వచ్చే టేకు దూలాలు, వాసాలే ఇష్టం. అవి ఆరాల్సినంతా ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. రంపం పెట్టే ముందు అయస్కాంతంతో తడమండి. లోపల విరిగిన మేకు ఒక్కటి ఉన్నా పళ్లు పోతాయి.

వెలిగొండల ఎర్రచందనం దొరుకుతుందని ఎవరైనా చెవిలో చెబితే విననట్టు ఊరుకోండి. అనుమతి లేకుండా దాన్ని తాకితే ఆర్చి కన్నా ముందు కేసు నిలబడుతుంది.

అపోహ: రెండడుగుల గొయ్యి తీసి కాంక్రీటు పోస్తే ఇక కదలదు.

నేను ఎక్కువగా వాదించేది ఈ ఒక్క విషయంపైనే. పాతిన కర్రను పీకి చూడండి. లోతున ఉన్న భాగం కొంత గట్టిగానే ఉంటుంది, పైభాగం సరే సరి. పుచ్చేది నేల మట్టానికి అటూ ఇటూ ఉన్న జానెడు మేర. గాలి, తేమ రెండూ సమంగా అందేది అక్కడే, కుళ్లు బతికేదీ అక్కడే. కాంక్రీటు పోస్తే కర్ర ఆరినప్పుడు చుట్టూ సన్నటి సందు ఏర్పడుతుంది. వాన నీరు ఆ సందులోకి దిగి బయటికి రాలేక నిలిచిపోతుంది. మనమే కర్ర కాలికి నీటి తొట్టి కట్టించినట్టవుతుంది.

కాంక్రీటును ఇనుప పట్టీలకు వాడండి. మందపాటి పట్టీలు రెండింటిని కాంక్రీటులో నిలబెట్టి, స్తంభాన్ని వాటి నడుమ ఉంచి, అడ్డంగా రెండు బోల్టులు బిగించాలి. స్తంభం అడుగు నేలకు రెండు అంగుళాలు పైన ఉండాలి. కింద చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి వేస్తే వాన చినుకుల మట్టి కర్ర మీదికి చిందదు, చెద మట్టి దారి కట్టినా వెంటనే కంటపడుతుంది. కల్యాణ మండపంలో అవే బోల్టు రంధ్రాలకు వెడల్పాటి ఇనుప పీట తగిలించి, దాని మీద ఇసుక మూటలు పెట్టి గుడ్డ కప్పితే సరి. రంధ్రాలు ఒకటే, పెళ్లికొక కాలు, తోటకొక కాలు.

ఒక్కో పక్కన ఒకే స్తంభం పెడితే ఫొటోలో సన్నగా అందంగా ఉంటుంది. తోటలో అది చాలదు. ఆకులు కమ్ముకున్న ఆర్చిని గాలి తడిక తోసినట్టు తోస్తుంది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను నెల్లూరునూ ప్రకాశాన్నీ ఎలా ఊపిందో చూశాం. పక్కకు రెండు స్తంభాలు, వాటి మధ్య అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం, మూలల్లో ఏటవాలు కర్రలు తప్పనిసరి.

అపోహ: వెడల్పాటి పలకను వంపుగా కోస్తే కమాను వస్తుంది.

వస్తుంది, వంపు తిరిగే చోట విరుగుతుంది కూడా. కర్ర బలం దాని నార వెంట ఉంటుంది. వంపుగా కోస్తే కొన్నిచోట్ల నార అడ్డంగా తెగి పొట్టిగా మిగులుతుంది. చిన్న ముక్కలను రెండు వరుసలుగా, పై వరుస అతుకు కింది వరుస అతుకు మీద పడకుండా పేర్చి బిగించాలి. లేదా పైన సాదా అడ్డదూలం వేసి, వంపును పచ్చి వెదురు బద్దలతో తేవాలి. బద్ద పాడైతే మార్చుకోవచ్చు.

అపోహ: మేకులు చాలు.

గాలికి కదిలే దానిలో మేకు మెల్లగా బయటికి వస్తుంది. ఒక కర్ర కొసను సన్నగా చెక్కిన కుసి, అది దూరే బెజ్జం, బోల్టు ఉండాలి. సముద్రపు గాలి తగిలే కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు కొనండి.

అపోహ: వార్నిష్ వేస్తే వానకు భయం లేదు. పాత ఇంజిన్ ఆయిల్ పూస్తే చెదకూ భయం లేదు.

వార్నిష్ పైపొర మాత్రమే. రోహిణి ఎండలకు అది పగులుతుంది, పగుళ్లలో దిగిన నీరు పొర కిందే ఉండిపోతుంది. ఇంజిన్ ఆయిల్ ఆరదు. పెళ్లికూతురి పట్టుచీర దానికి తగిలితే ఆ మరక పోదు. తర్వాత ఆ నూనెలోని భార లోహాలు కాకర పాదు మట్టిలోకి దిగుతాయి. అవిసె నూనెను పలుచగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కోటీ పూర్తిగా ఆరనివ్వండి. ఏడాదికోసారి, వానలకు ముందు మళ్లీ పట్టించండి. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా మూలన పడేయవద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాకే పారేయండి.

అపోహ: పూలవాళ్లు వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు.

చూసుకుంటారు, దొరికిన చోటల్లా మేకు కొట్టి. స్తంభాల్లో జానెడుకొకటి చొప్పున ముందే సన్నటి రంధ్రాలు వేసి ఉంచండి. పెళ్లికి మామిడి తోరణమూ పూలదండలూ, తర్వాత తీగ పాకేందుకు లాగే వైర్లూ వాటిలోంచే వెళతాయి. అరటి బోదెలను మాత్రం ఆర్చికి కట్టనివ్వకండి. కోసిన చోట కారే నీరు కర్ర మీద నల్ల మరకగా దిగితే చిత్రిక పట్టినా పూర్తిగా పోదు. బోదెలకు విడిగా ఇనుప ఊచ పాతించండి.

అపోహ: ఏ తీగైనా పాకుతుంది.

కాకర, బీర నులితీగలతో పట్టుకుంటాయి. ఆ నులితీగ సన్నటి పురికొసను చుట్టగలదు, మూడంగుళాల స్తంభాన్ని చుట్టలేదు. వాటికి దారమో వైరో లాగాలి. సన్నజాజి, శంఖుపువ్వు తామే చుట్టుకుంటూ ఎక్కుతాయి, బరువూ తక్కువ. కాగితం పూల చెట్టు దేనినీ చుట్టుకోదు, కట్టాల్సిందే. ఏళ్లు గడిస్తే దాని మాను ముదిరి బద్దలను విడగొడుతుంది. దారిలో ముళ్లు వేరే. రాధామనోహరం అందమే గానీ కత్తెర పట్టే ఓపిక లేకపోతే వద్దు. ఏ తీగైనా పైనుంచి అడుగు మేర కిందికి వేలాడుతుంది కాబట్టి ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గించవద్దు.

అపోహ: "ఆచారి గారూ, పెళ్లికి వారం ముందు చెబితే చాలు కదా?"

చాలదు. వారంలో కర్ర కొని, కోసి, బిగించవచ్చు. నూనె మాత్రం ఆరదు, వాసనా పోదు. కొత్త కర్రయితే నీడలో, ముక్కకూ ముక్కకూ మధ్య గాలి ఆడేలా పేర్చి నెలల తరబడి ఆరనివ్వాలి. వైశాఖంలో ముహూర్తమైతే సంక్రాంతికల్లా కర్ర కొట్టంలో ఉండాలి. పాత టేకైతే హోలీ దాకా ఆగవచ్చు.