ఒరిగిన ద్వారబంధానికి తలుపు

హైదరాబాద్ శివార్ల నుంచి ఒక పాఠకుడు అడిగారు: "సార్, డాబా మీద డిష్‌ని ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి తిప్పే మోటారు పెట్టించాను. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి డీడీ ఫ్రీ డిష్ బ్రహ్మాండంగా వస్తోంది. పడమటివైపు పంపితే మాత్రం కొంతదూరం వెళ్ళి గర్రుమని ఆగిపోతోంది. చేత్తో కాస్త నెట్టి చూడమన్నాడు బిగించిన కుర్రాడు. నెట్టమంటారా?"

నెట్టకండి. నా మొదటి మోటారు అలాగే పోయింది. డిష్ అంచు పట్టుకుని రెండు చేతులా తోశాను. ఎండిన కందిపుల్ల విరిగినట్టు టక్కుమంది. ఆ తర్వాత లోపల మోటారు హాయిగా తిరుగుతూనే ఉంది, డిష్ మాత్రం కదల్లేదు. విప్పి చూస్తే గ్రీజులో గేరు పళ్ళ ముక్కలు, పాయసంలో జీడిపప్పుల్లా.

ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే పరికరం) ఎలా పనిచేస్తుంది, ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలి అన్నవి ఇక్కడ చెప్పబోను. పెట్టెలో వచ్చే కాగితం మీద ఉంటాయవి. ఆ కాగితం చెప్పని సంగతి ఒకటుంది. ఈ మోటారు నిజానికి ఒక తలుపు. కావాలని ఒరగబెట్టిన ద్వారబంధానికి బిగించిన తలుపు.

ఎందుకు ఒరగాలి? టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే వలయంలో, భూమితో పాటే తిరుగుతుంటాయి. ఆ వలయానికి ఇరుసు భూమి ఇరుసే. వలయం వెంట చూపు జరుపుతూ పోవాలంటే మన డిష్ కూడా అదే ఇరుసుకు సమాంతరంగా తిరగాలి. అంటే మోటారు ఇరుసు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి ఉండాలి. పెళ్ళిళ్ళలో పట్టపగలు కూడా అరుంధతిని చూపిస్తారు, అందరం చూశామని తలూపుతాం. ధ్రువుణ్ణి మాత్రం రాత్రిపూట నిజంగానే చూడొచ్చు. హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరాన, నేలకు దాదాపు 17 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆ 17 మన అక్షాంశమే. బళ్ళో అక్షాంశాలూ రేఖాంశాలూ బట్టీ పట్టించారు గానీ అవి రాత్రి డాబా ఎక్కితే కనిపించే కోణాలని ఒక్క మాస్టారూ చెప్పలేదు నాకు.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం. ద్వారబంధం నిట్టనిలువుగా ఉంటే తలుపు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. బంధం ఒరిగితే తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. పాత ఇళ్ళలో దాన్ని దెయ్యం అనేవారు. దెయ్యం కాదు, తలుపు బరువు తనకు దొరికిన పల్లానికి పోతోంది. బంధం ఇంకా ఇంకా ఒరిగి నేలకు వాలిపోయిందనుకోండి. అప్పుడది తలుపు కాదు, భోషాణం మూత. ఎత్తాలంటే మొత్తం బరువు మోయాలి.

ధ్రువం దగ్గర మోటారు పెడితే ఇరుసు నిట్టనిలువు, మంచి తలుపు. భూమధ్యరేఖ మీద పెడితే ఇరుసు నేలకు సమాంతరం, భోషాణం మూత. లండన్ 51.5 డిగ్రీల దగ్గర ఉంది, మధ్యరకం. మనం 17 దగ్గర ఉన్నాం, అంటే దాదాపు మూతే. లెక్కలో చెప్పాలంటే డిష్ బరువు ఇరుసును మెలిపెట్టే బలం అక్షాంశం కొసైన్‌ని బట్టి ఉంటుంది: లండన్‌లో 0.62, హైదరాబాద్‌లో 0.95. అదే మోటారు, అదే డిష్, మన డాబా మీద ఒకటిన్నర రెట్లు బరువు పని. లండన్‌లో పదేళ్ళు పనిచేసిందని ఎవరైనా చెబితే ఆ మాటని 1.5తో భాగించి వినండి.

కాస్త లోతుకి పోదాం. 8 కిలోల డిష్, దాని గరిమనాభి ఇరుసుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 105.5 డిగ్రీల ఉపగ్రహానికి పోవాలంటే మోటారు మధ్య నుంచి 31 డిగ్రీలు తిరగాలి. హైదరాబాద్ రేఖాంశం 78.5, తేడా 27 డిగ్రీలేగా అనొచ్చు. మనం భూమి నడుమ లేం, పైన ఉన్నాం, వలయం ఆమేరకు దగ్గర, కోణం ఆమేరకు ఎక్కువ. అక్కడ డిష్ ఇరుసును మెలిపెట్టే బలం, మీటరు పొడవు కర్ర చివర కిలో బరువు వేలాడదీసినంత. గేరు వ్యాసార్ధం 3 సెంటీమీటర్లైతే పంటి మీద పడేది 33 కిలోలు. ఒక దిశలో పోయేటప్పుడు బరువే సాయం చేస్తుంది, ఎదురు దిశలో మోటారే ఎత్తుకోవాలి.

అదే లెక్కలో నా చేతుల్ని పెట్టండి. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అంచు పట్టుకుని 15 కిలోల బలంతో తోశాను. పంటి మీద 300 కిలోలు. ఈ మోటార్లలో ఉండేది వర్మ్ గేరు, అంటే మర (స్క్రూ) ఒకటి చక్రాన్ని తిప్పుతుంది. మర చక్రాన్ని తిప్పగలదు, చక్రం మరను తిప్పలేదు. అందుకే కరెంటు పోయినా డిష్ ఉన్నచోటే నిలుస్తుంది. అందుకే చేత్తో తోస్తే లొంగదు, విరుగుతుంది.

గాలి మాత్రం తోస్తూనే ఉంటుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే 1.2 మీటర్ల డిష్ మీద 30 కిలోలకు పైనే. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊపేసినప్పుడు ఏం జరిగిందో అక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. తుఫాను హెచ్చరిక వస్తే డిష్‌ని మధ్యకి, అంటే సున్నాకి తెచ్చి ఉంచండి.

ఒరిగిన ద్వారబంధం అన్నాను గానీ దాన్ని పట్టుకునే పైపు మాత్రం ఒరగకూడదు. మోటారు మీదున్న అక్షాంశం స్కేలు పైపు నిలువుగా ఉందన్న నమ్మకంతోనే పనిచేస్తుంది. మీటరు పైపుకి కొన దగ్గర 17 మిల్లీమీటర్ల వాలుంటే ఒక డిగ్రీ తప్పు. 1.2 మీటర్ల డిష్ చూపు వెడల్పే కేయూ బ్యాండులో (ఇంటి డిష్‌లు అందుకునే తరంగాల శ్రేణి) ఒకటిన్నర డిగ్రీ. ఇందులో ఒక మోసం ఉంది. పైపు తూర్పుకో పడమరకో వాలితే నేరుగా దక్షిణాన ఉన్న ఉపగ్రహానికి ఎత్తులో తేడా తెలియదు, మోటారుని కాస్త జరిపితే సిగ్నల్ నిండుగా ఉంటుంది. అటూ ఇటూ పోయేకొద్దీ ఒక పక్క డిష్ చూపు పైకి, ఇంకో పక్క కిందికి తప్పుతుంది. జనం మోటారుని తిడతారు. రసమట్టం ఒక వైపే పెట్టి చూస్తే చాలదు, పక్కకి తిరిగి రెండో వైపూ చూడాలి. దారానికి గుండు కట్టి వేలాడదీసినా చాలు, మేస్త్రిని అడిగితే రెండు నిమిషాల పని.

ఇరుసు ధ్రువుడి వైపు పెట్టేస్తే డిష్ భూమధ్యరేఖకు సమాంతరంగా చూస్తుంది. ఉపగ్రహాలు అనంతదూరంలో ఉంటే అది సరిపోయేది. అవి దగ్గరే ఉన్నాయి, మనం రేఖకు ఉత్తరాన ఉన్నాం, కాబట్టి చూపు కొంచెం కిందికి దించాలి. హైదరాబాద్‌కి ఆ దింపు 3 డిగ్రీలు. మోటారు నుంచి వచ్చే వంకర గొట్టం వంపు 30 డిగ్రీలైతే డిష్ స్కేలు 27 దగ్గర, 40 అయితే 37 దగ్గర పెట్టాలి. ఇది తెలియక స్కేలుతో గంటలు కుస్తీ పట్టినవాళ్ళున్నారు.

మోటారు సున్నా నేరుగా దక్షిణానికి ఉండాలి. ఇనుప చువ్వల మధ్య ఫోన్ దిక్సూచిని నమ్మకండి, నీడని నమ్మండి. గడియారం పన్నెండు కొట్టినప్పటి నీడ కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, అంటే 16 నిమిషాలు ఆలస్యం. పైగా నెలనెలా మారుతుంది: ఫిబ్రవరి మధ్యలో అసలు మధ్యాహ్నం పన్నెండున్నరకి, నవంబరు మొదట్లో సరిగ్గా పన్నెండుకి. ఇంకో తమాషా, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ మనకి దక్షిణానికి పడుతుంది. ఆ రోజుల్లో నీడకి ఎదురుగా దక్షిణం అనుకుంటే డిష్ ఉత్తరం చూస్తుంది.

సున్నా కుదిరాక రిసీవర్‌లో మన అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి 93.5కి పంపండి. మోటారు 17.5 డిగ్రీలు తిరుగుతుంది. సిగ్నల్ రాకపోతే పైపు దగ్గర క్లాంప్ వదులు చేసి మోటారూ డిష్షూ కలిపి ఒకే ముద్దగా కొద్దికొద్దిగా తిప్పండి. డిష్‌ని విడిగా తిప్పకండి. కేబుల్ బిగించే ముందు రిసీవర్ ప్లగ్ పీకేయండి. కేబుల్ నడుమ తీగకి చుట్టూ ఉన్న లోహపు అల్లిక తగిలితే రిసీవర్‌లో ఎల్‌ఎన్‌బీకి కరెంటిచ్చే భాగమే కాలిపోవచ్చు. డిష్ రెండు చివరలకీ తిరిగినా చాలేంత వదులు ఎల్‌ఎన్‌బీ కేబుల్‌కి ఉంచండి.

ఇక మన పాఠకుడి గర్రు. ఫొటో పంపమన్నాను. డిష్‌కి పడమటి పక్కనే నైరుతి మూల సిమెంటు దిమ్మె, దాని మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. నైరుతి బరువుండాలి కదా, వాస్తు. పడమటికి పోతూ డిష్ అంచు సరిగ్గా ఆ దిమ్మెకే తగులుతోంది. ట్యాంకు జరపడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరట. పైపు అక్కణ్ణుంచి తీసి తూర్పు పిట్టగోడ వైపు పాతించమన్నాను. అందాకా రిసీవర్‌లో పడమటి హద్దు దిమ్మెకి జానెడు ముందే పెట్టుకోమన్నాను.