హెలికాప్టర్ రోటర్ పని: ఊళ్ళో వినే అపోహలు, వర్క్‌షాపులో చూసే వాస్తవాలు

భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి, సెలవుకి విజయనగరం వచ్చినప్పుడల్లా నన్ను ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. మొన్న మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే మా వీధి మావయ్యగారు అందుకున్నారు. "బాబూ, మావోడు ఐటీఐ ఫిట్టర్ సేసినాడు. బులెట్ ఇంజినుని కళ్ళు మూసుకుని ఇప్పి బిగించెస్తాడు. మీ కాడ ఎక్కడైనా పెట్టించకూడదేటి?"

నా పని హెలికాప్టర్ రోటర్లు, గేర్‌బాక్సులు బాగుచేసే వర్క్‌షాపులో. కుర్రాళ్ళకి పని నేర్పడం, పరీక్ష పెట్టడం, ఎవరిని బెంచి మీదకి వదలాలో చెప్పడం నా బాధ్యత. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

అపోహ: కళ్ళు మూసుకుని విప్పి బిగించేవాడే మొనగాడు.

మా దగ్గర కళ్ళు మూసుకుంటే ఫెయిల్. వందసార్లు చేసిన పనైనా మళ్ళీ మాన్యువల్ తెరవాలి, అది తాజా రివిజనేనా అని చూడాలి, ఆ తర్వాతే స్పానర్ ముట్టుకోవాలి. 'గట్టిగా ఉండాలని ఇంకో పట్టు పట్టాను' అనే మాట ఇక్కడ నేరం కింద లెక్క. పొడి థ్రెడ్‌కి చెప్పిన టార్క్‌ని (తిప్పి బిగించే బలాన్ని) నూనె రాసిన థ్రెడ్‌కి ఇస్తే బోల్టు మీద లాగుడు చాలా పెరిగిపోతుంది. టార్క్ రెంచి మాత్రం ఏమీ ఎరగనట్టు టక్కుమని కొడుతుంది.

అపోహ: తొందరగా, తప్పు లేకుండా బిగిస్తే పరీక్ష పాసైనట్టే.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రాక్టికల్‌లో ఒక టెయిల్ గేర్‌బాక్స్ (తోక రోటర్‌ని తిప్పేది) విడిభాగాలు ట్రేలో పెట్టి ఇస్తాను. బెవెల్ గేర్ (ఏటవాలు పళ్ళచక్రం) పళ్ళకి నీలిరంగు పేస్టు పూసి తిప్పితే, పన్ను పన్నుతో ఎక్కడ ఆనుతోందో ముద్ర పడుతుంది. ముద్ర అంచుకి పోతే షిమ్ (సందు సరిచేసే పలచని రేకు) మార్చాలి. డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య ఉండే వదులు, చూడాలి. ఇదంతా చేతిపని, ఆరు నెలల్లో పట్టుబడుతుంది. నేను చూసేది వేరు. ఒక బేరింగ్ మీద వేలిముద్ర ఆకారంలో సన్నటి తుప్పు ఉంటుంది (చేతి చెమట చేసే పని అది). ఆ భాగం చరిత్ర రాసుండే లాగ్ కార్డులో సీరియల్ నంబరు ఒక్క అంకె తేడాగా ఉంటుంది. కావాలని పెట్టినవే.

ఒకసారి శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు, రాతపరీక్షలో అంతంత మాత్రం, బేరింగ్ పెడుతుండగా చెయ్యి జార్చాడు. రబ్బరు మ్యాట్ మీద జానెడు ఎత్తు నుంచి పడింది. నేను తలొంచుకుని కాగితాలు నింపుతున్నాను, ఎవరూ చూడలేదు. "సార్, జారిపోయింది" అని తనే చెప్పి, పనికిరాని భాగాల ఎర్ర ట్రేలో పెట్టి ట్యాగ్ కట్టేశాడు. కింద పడ్డ బేరింగ్ లోపల కంటికి ఆనని చిన్న నొక్కులు పడి ఉండొచ్చు, వాటి దగ్గరే తర్వాత లోహం పొరలు లేస్తుంది. టైమ్ అయిపోయింది, గేర్‌బాక్స్ సగంలోనే ఉంది. వాణ్ణి పాస్ చేశాను. నలభై నిమిషాల ముందే ముగించి, ముద్ర కూడా అద్దంలా తెచ్చినవాడు, తప్పు నంబరున్న కార్డు మీద సంతకం పెట్టేశాడు. ఫెయిల్. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అపోహ: ఇంజినే ప్రాణం, మిగతావన్నీ సామాన్లే.

మన సైన్యం వాడే చేతక్ హెలికాప్టర్‌నే తీసుకోండి. టర్బైన్ నిమిషానికి 33,000 చుట్లకి పైగా తిరుగుతుంది, పైన రెక్కలు తిరిగేది 350 చిల్లర. మధ్యలో ఆ వేగాన్నంతా మింగేది పళ్ళచక్రాలే. ఇంజిన్ ఆగినా, ఫ్రీవీల్ యూనిట్ రోటర్‌ని విడిగా తిరగనిస్తుంది కాబట్టి పైలట్ ఆటోరొటేషన్‌లో, అంటే కిందికి దిగుతుంటే గాలికే రోటర్ తిరిగేలా చేసి, దించగలడు. పెద్ద హెలికాప్టర్లకి ఇంజిన్లు రెండుంటాయి. మెయిన్ గేర్‌బాక్స్ మాత్రం ఒక్కటే.

అపోహ: లోపల తేడా వస్తే లైటు వెలుగుతుంది కదా.

వెలగొచ్చు. నూనెలో తిరిగే ఉక్కు రజను అయస్కాంతపు ప్లగ్గుకి అంటుకుంటే తెలుస్తుంది. 2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరంలో సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి 16 మంది పోయారు. దానికి వారం ముందే, మార్చి 25న, ప్లగ్గు మీద లోహపు రేణువు దొరికింది. అది గేర్ చెడుతోందనడానికి గుర్తని ఎవరూ పోల్చుకోలేకపోయారు. 2016 ఏప్రిల్ 29న నార్వేలో అదే కుటుంబానికి చెందిన ఈసీ225 రోటర్ గాలిలోనే ఊడిపోయి 13 మంది చనిపోయారు. ఈసారి మెయిన్ గేర్‌బాక్స్ లోపలి ప్లానెట్ గేర్‌లో (నడిమి గేర్ చుట్టూ తిరిగే చిన్న గేర్) పగులు పైకి కనపడకుండా లోలోపలే పాకింది, హెచ్చరిక అందనే లేదు. ఈ రెండూ చెప్పే రోజు క్లాసులో ఫోన్లు బయట పెట్టిస్తాను.

అపోహ: అన్నీ మిషన్లే చూసేస్తాయి.

ఉక్కు గేర్లలో పగుళ్ళు పట్టే మాగ్నెటిక్ పార్టికల్ (అయస్కాంతపు రజను) పరీక్ష ఉంది, నిజమే. కాంపోజిట్ (నారపోగులు, జిగురుతో పొరలుగా చేసిన) బ్లేడు పొరలు విడిపోయాయేమో చూడ్డానికి మాత్రం ఇప్పటికీ నాణెంలాంటి దాంతో తట్టి వింటాం, పనసకాయ తట్టినట్టు. బొదబొదమంటే పనసకాయకి సంతోషం. బ్లేడుకి అలా మోగితే ఆ చోట పెన్సిల్‌తో గీత గీసి పక్కన పెట్టాలి.

అపోహ: మెరిసిపోతున్న భాగాన్ని పారేయడం దండగ.

ఆ భాగానికి ఇచ్చిన గంటల లెక్క నిండితే పారేయాల్సిందే. మళ్ళీ ఎవరూ బిగించకుండా కోసి ముక్కలు చేస్తాం కూడా.

ఇక మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్సు. కోర్సు ఫీజు కడితే వచ్చేది కాదు. దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షల్లో 75 శాతం రావాలి, పని అనుభవం చూపించాలి. టర్బైన్ హెలికాప్టర్లకి బీ1.3 కేటగిరీ. అది చేతిలో ఉన్నా, వర్క్‌షాపు ఇచ్చే ఆథరైజేషన్ (సంతకం పెట్టే అనుమతి) లేకుండా అక్కడ సంతకం పెట్టకూడదు.

మావయ్యగారి అబ్బాయిని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. బులెట్ సంగతి అడగను. ఒక పాత బేరింగ్ బల్ల మీద పెడతాను, చేతులు తుడుచుకుని ముట్టుకుంటాడో లేదో చూస్తాను.