కావ్యకు 'ఓ' గ్రూపు ఎలా వచ్చిందంటే

చి. కావ్యకు, చి. రోహిత్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

కావ్యా, స్కూల్లో బ్లడ్ గ్రూపు చూస్తే నీకు ఓ అని వచ్చిందని, అమ్మది ఏ, నాన్నది బి అయితే నీకు ఓ ఎక్కణ్ణించి వచ్చిందని ఫోన్లో అడిగావు. "ఆస్పత్రిలో పిల్లల్ని మార్చేశారేమో" అని రోహిత్ ఆటపట్టిస్తున్నాడట కదా. నువ్వు టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. ఏ, బి గ్రూపుల అమ్మానాన్నలకు ఓ గ్రూపు బిడ్డ పుట్టడం చాలా మామూలు సంగతి. అదెలాగో ఫోన్లో చెబితే తెగదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఈ రహస్యం మొదట బయటపడింది బఠాణీ మొక్కల్లో. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో బ్రనో అనే ఊళ్ళో ఒక క్రైస్తవ మఠం ఉంది. అక్కడి సన్యాసి గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో దాదాపు 28 వేల బఠాణీ మొక్కలు పెంచి, లెక్కలు రాసుకున్నారు.

బఠాణీ పువ్వు దొరికితే నెమ్మదిగా విప్పి చూడండి. అడుగున రెండు రేకులు కలిసిపోయి మూసుకుని ఉంటాయి. పుప్పొడినిచ్చే కేసరాలూ, ఆ పుప్పొడిని అందుకునే కీలాగ్రమూ వాటి లోపలే. అందువల్ల ఆ పువ్వు పుప్పొడి ఆ పువ్వు మీదే పడుతుంది. మెండెల్ మొగ్గగా ఉన్నప్పుడే రేకులు విప్పి, పుప్పొడి రాలకముందే కేసరాలన్నిటినీ సన్నటి పట్టకారుతో తీసేసేవారు. ఆ తర్వాత వేరే రకం మొక్క పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి అద్ది, పురుగులు వాలకుండా పువ్వుకు సంచి తొడిగేవారు. ఒక్కో పువ్వుకీ ఇంత పని. అలా ఏడేళ్ళకు పైగా! ఆ ఓపిక తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

గుండ్రటి గింజల మొక్కనీ ముడతల గింజల మొక్కనీ కలిపితే వచ్చిన గింజలన్నీ గుండ్రంగానే వచ్చాయి. ముడత ఒక్కదానికీ లేదు. మెండెల్ ఆ గింజల్నే మళ్ళీ నాటి, ఈసారి పువ్వుల జోలికి పోకుండా వదిలేశారు. పంటలో మొత్తం 7,324 గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అంటే మూడు గుండ్రటివాటికి ఒకటి చొప్పున ముడతవి మళ్ళీ తేలాయి. ముందు తరంలో ముడత కనిపించలేదే గానీ, లోపలే ఉంది.

దీన్నిబట్టి ఆయనకు తట్టింది ఇదీ: ప్రతి లక్షణానికీ మొక్కలో రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. వాటినే ఇప్పుడు జన్యువులంటున్నాం. రెండూ వేరువేరైతే ఒకటి పైకి కనిపిస్తుంది, రెండోది లోపల ఉండిపోతుంది. రోహిత్ పాఠంలో బహిర్గతం, అంతర్గతం అని ఉన్నవి ఇవే. బిడ్డకు వెళ్ళేటప్పుడు మాత్రం ఆ రెంటిలో ఒకటే వెళ్తుంది. ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసూ లాంటిది. ఇద్దరూ చెరో రూపాయి బిళ్ళా ఎగరేసి ఓ వంద సార్లు రాసుకోండి. రెండూ బొరుసే పడేది సుమారు నాలుగింట ఒకసారి. 1,850కి అర్థం అదే.

లోపల ఉండిపోవడం అంటే ఏమిటి? ముడత గింజల సంగతి 1990లో తేలింది. గింజలో చక్కెరను పిండిపదార్థంగా మార్చే పనికి ఒక ఎంజైమ్, అంటే ఆ మార్పును నడిపించే ప్రోటీను కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు మధ్యలో వేరే డీఎన్ఏ (జన్యువులు తయారయ్యే పదార్థం) ముక్క వచ్చి ఇరుక్కోవడంతో ఆ జన్యువు పాడైంది. రెండు ప్రతులూ పాడైన గింజలో చక్కెర మిగిలిపోయి నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది. ఎండినప్పుడు నీళ్ళు పోయి తొక్క ముడుచుకుంటుంది. ఒక్క ప్రతి బాగున్నా చాలు, సరిపడా ఎంజైమ్ వస్తుంది, గింజ గుండ్రంగానే ఉంటుంది. పాడైన ప్రతి ఏ పనీ చేయదు గనక కనిపించదు, అంతే.

నీ రక్తంలోనూ జరిగింది ఇదే, కావ్యా. 'ఏ' జన్యువు ఎర్ర రక్తకణం పైన ఒక రకం చక్కెర అణువును అంటిస్తుంది. బి జన్యువు ఇంకో రకాన్ని అంటిస్తుంది. 'ఓ' ఏదీ అంటించదు. కాబట్టి 'ఏ' పక్కనో 'బి' పక్కనో 'ఓ' ఉంటే పరీక్షలో కనపడదు. అమ్మలో ఏతో పాటు ఒక ఓ ఉంది. తాతయ్యది ఏ, నాది ఓ కదా, ఆ ఓ నేనిచ్చిందే. నాన్నలోనూ బి పక్కన ఒక ఓ ఉంది. ఇద్దరి నుంచీ ఓలే నీకు వచ్చాయి. రోహిత్‌కు అమ్మ నుంచి ఏ, నాన్న నుంచి బి వెళ్ళి ఏబీ అయింది. ఒరేయ్ రోహిత్, అమ్మానాన్నలిద్దరిలో ఎవరికీ లేని గ్రూపు నీది కూడా, గుర్తుపెట్టుకో!

అన్నీ ఇంత తేలిగ్గా ఉండవు. ఎత్తు, ఒంటి రంగు లాంటివి ఒక్క జన్యువు పని కాదు, చాలా జన్యువులు కలిసి చేస్తాయి. ఎత్తుకైతే తిండీ ముఖ్యమే.

ఇంకొకటి మీకు గట్టిగా చెప్పాలి. ఆడపిల్లలే పుడుతున్నారని కోడళ్ళను దెప్పిపొడిచే ఇళ్ళు నేను చాలా చూశాను. మనకు 23 జతల క్రోమోజోములు, అంటే జన్యువులుండే పోగులు. ఆడవాళ్ళలో ఒక జత ఎక్స్ ఎక్స్, మగవాళ్ళలో అదే జత ఎక్స్ వై. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త పిండిపురుగుల కణాల్ని మైక్రోస్కోపు కింద చూసి, ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములు, మగపురుగులో 19 పెద్దవీ ఒకటి చిన్నదీ (అదే వై) ఉన్నాయని గమనించింది. వందేళ్ళు దాటింది. అయినా ఆ దెప్పుళ్ళు ఆగలేదు. మీ ముందు ఎవరైనా ఆ మాటంటే ఊరుకోకండి.

దాగిన జన్యువులన్నీ ఓ గ్రూపులా ఏ హానీ చేయనివి కావు. మన్యంలో, ఆదిలాబాద్ వైపు గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం రెండు ప్రతుల్లోనూ మారితే ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడి, భరించలేని నొప్పులు తెస్తాయి. ఒక్క ప్రతే మారి ఉంటే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా. మలేరియా ఉన్నచోట ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనక రెండో బిడ్డకు రాదని అనుకోకూడదు, లెక్క ప్రతిసారీ మొదటి నుంచే. 2023లో ప్రభుత్వం గిరిజనులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో సికిల్ సెల్ పరీక్షలు మొదలుపెట్టింది. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా జబ్బుదీ ఇదే దారి. రక్తపరీక్ష పెళ్ళికి ముందే చేయించుకుంటే తెలిసిపోతుంది.

మనలో దాదాపు అందరిలోనూ ఇలాంటి దాగిన లోపాలు కొన్ని ఉంటాయి. పరాయి సంబంధంలో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండడం అరుదు. మేనరికంలో మాత్రం ఒకరికి తాతా నాయనమ్మలైనవాళ్ళే రెండోవాళ్ళకు తాతా అమ్మమ్మలు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు 1960లలో మన మేనరికాల మీద పరిశోధన చేశారు. మీ తాతయ్య నాకు మేనబావే. మా పిల్లలు చల్లగా ఉన్నారు, మేనరికం చేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు బాగానే ఉంటారు. అయినా మీ తరానికి అది వద్దనే అంటాను. ఎందుకో లెక్క చూడండి. ఒక తాతలో దాగిన లోపం ఒకటుంది. అది కొడుక్కి రావడానికి సగం, కూతురికి రావడానికి సగం అవకాశం. వాళ్ళ పిల్లలకు చెరో పావు. ఆ బావామరదళ్ళ ఇద్దరిలోనూ ఉండడం 16లో ఒకటి. వాళ్ళ బిడ్డకు రెండు ప్రతులూ చేరడం 64లో ఒకటి. ఆ మనవడే బయటి సంబంధం చేసుకుంటే, ఆ లోపం బయట వందమందిలో ఒకరికి ఉందనుకుంటే, పావునీ వందో వంతునీ మళ్ళీ పావునీ గుణిస్తే అదే అవకాశం 1,600లో ఒకటి.

మేనమామ మేనకోడలిని చేసుకుంటే ఎంతవుతుందో మీరిద్దరూ కాగితం మీద వేసి నాకు రాయండి. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు.

మీ అమ్మమ్మ